గేర్‌బాక్స్ పోయిందనే ముందు

ఆటోమేటిక్ కారు ముందుకు కదలక మొరాయించగానే షెడ్డులో ‘గేర్‌బాక్స్ పోయింది’ అని తేల్చేయడం, ఆ తేల్చే వేళకు లోపల ఆయిలు ఎంత ఉందో, ఏ స్థితిలో ఉందో ఎవరూ చూసి ఉండకపోవడం పరీక్షలోని లోపమే గాని యంత్రంలోని లోపం కాదు.

అసలు అది ఏ రకం ఆటోమేటిక్ అన్నది ముందు తేలాలి. 2014లో మారుతి సెలెరియోతో దేశంలో వాడుకకెక్కిన ఏఎంటీలో ఉన్నది మామూలు గేర్‌బాక్సే; క్లచ్ నొక్కి గేరు మార్చే పనిని డ్రైవరుకు బదులు యాక్చువేటర్ అనే పరికరం చేస్తుంది కాబట్టి, అక్కడ అనుమానించవలసింది క్లచ్ ప్లేటును, ఆ పరికరాన్ని. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజన్ శక్తిని గేర్లకు అందించేదీ, లోపలి క్లచ్‌లను బిగించేదీ, వేడిని మోసుకుపోయేదీ ఒకే ఆయిలు. అది తగ్గితే పంపు గాలిని పీల్చి, ఒత్తిడి పడిపోయి, క్లచ్‌లు జారి, ఇంజన్ రొద పెరిగినా బండి వేగం పెరగదు.

అందుకే తెల్లని గుడ్డ మీద వేసిన ఒక్క చుక్క చాలా సంగతులు చెబుతుంది. సాధారణంగా కొత్త ఆయిలు ఎర్రగా ఉంటుంది, వాడకంతో గోధుమ రంగుకు తిరుగుతుంది. నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు, పాలు కలిసినట్టు గులాబీ రంగులోకి మారితే రేడియేటర్ నీరు అందులోకి చేరినట్టు అనుమానించాలి. కొలపుల్ల లేని కార్లు పెరగడంతో ఈ సులువైన పరీక్ష యజమాని చేయి దాటిపోయింది. ‘జీవితకాలపు ఆయిలు’ అని చెప్పే కంపెనీలు ఆ జీవితకాలం ఎవరిదో మాత్రం చెప్పవు.

స్కానర్‌లో కనిపించే పీ0700 అన్న సంకేతాన్ని రోగనిర్ణయంగా చూపడం మరో పొరపాటు. గేర్‌బాక్స్‌ను నియంత్రించే కంప్యూటర్‌లో ఏదో లోపం నమోదైందని చెప్పడమే దాని పని. ఆ లోపమేమిటో పక్కనుండే మరో సంకేతంలో వెతకాలి. ఇంజన్ మిస్‌ఫైర్, విరిగిన ఇంజన్ మౌంటు కూడా గేర్‌బాక్స్ వణుకులాగే తోస్తాయి.

ఇవన్నీ చూశాక గాని అడుగు పళ్లెం విప్పకూడదు. విప్పితే, అందులోని అయస్కాంతానికి అంటుకున్న బూడిదరంగు ముద్ద మామూలు అరుగుదలే. వేళ్ల మధ్య నలిపినప్పుడు గుచ్చుకునే లోహపు ముక్కలు దొరికితే మాత్రం షెడ్డువారి మాట నిజమే.