టర్బో మీద ఇల్జామ్ వేసే ముందు

కర్నూలు నుంచి కడప దాకా మన నౌజవాన్‌లకు డీజిల్ కార్లు రీమ్యాప్ చేయించే షౌక్ పెరిగింది. కొన్నాళ్లకు బండి లాగదు, నల్లపొగ, బానెట్ కింద ఉస్స్‌మని చప్పుడు. 'టర్బో ఖతం' అని ఫైసలా!

నా రాయ్ వేరే. ప్రెషర్ పెంచితే ఎండకు ఎండిన రబ్బరు పైపు, క్లిప్పు ఓర్చుకోవు. గాలి దారిలోనే పోతే డీజిల్ పూర్తిగా కాలదు. ఆ పొగ అదే.

ఇంజన్ చల్లారాక టర్బో గాలి పీల్చే మూతి బిగించి, ఒక బార్‌కు మించకుండా కంప్రెసర్ గాలి పట్టి, జాయింట్లపై సబ్బునీళ్లు చల్లాలి. బుడగలొచ్చిన చోటే బీమారీ.

క్లిప్పుతో పోయేదానికి టర్బో అంటగడితే అది హలాల్ కమాయీ కాదు. కానీ భాయ్, గంటసేపు జాంచ్ చేసిన ఉస్తాద్‌కు 'సామాను మార్చలేదు కదా' అని మజూరీ ఎగ్గొట్టేదీ మనమే. హునర్‌కు ఖీమత్ ఇవ్వకపోతే సామానే అమ్ముతారు.