పొయ్యి మొరాయిస్తే

‘ఇంటింటికీ మట్టిపొయ్యే’ అన్నారు పెద్దలు. ఏ ఇంట్లో చూసినా ఏదో ఒక చిక్కు ఉండనే ఉంటుందని దాని తాత్పర్యం. ఈ వారం ఆ సామెతను ఉన్నదున్నట్టే తీసుకుని, పొయ్యికే వచ్చే చిక్కును గురించి నాలుగు మాటలు ముచ్చటించదలచుకున్నాను.

ఇంట్లో ఫ్యాను తిరగకపోతే సాయంత్రానికల్లా మిస్త్రీ వస్తాడు. టీవీలో బొమ్మ పడకపోతే అప్పటికప్పుడే కబురు వెళుతుంది. పొయ్యి సరిగా మండకపోతే మాత్రం నెలలు గడిచిపోతాయి. వేళకు కంచంలో అన్నం పడుతూనే ఉంటుంది గనక, దాని ముందు నిలబడ్డ మనిషికి తప్ప ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

మట్టిపొయ్యి కాలంలో ఈ బాధ కొంత తక్కువే. మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో పత్తికట్టె, కందికట్టె పెట్టి మండించే పొయ్యి పగిలితే, ఆ ఇంటి ఇల్లాలే ఇంత మట్టి పిసికి పగులు పూడ్చి, పేడతో అలికి, ముగ్గు పెట్టేది. చేసిన చేయీ, బాగుచేసే చేయీ ఒకటే. కాకపోతే పొగ ఒకటి ఉంది. ఊదుగొట్టం పట్టుకుని ఊదీ ఊదీ కళ్ళు పోగొట్టుకున్న అవ్వలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు.

ఆ పొగ మీద మొదట్లో యుద్ధం ప్రకటించిన వారిలో మన హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజు గారొకరు. పొగ లేని వంటిళ్ళను గురించి 1953లో ఆయన ఒక పుస్తకమే ప్రచురించారు. ఆయన పొయ్యి మన మట్టిదే. గిన్నెలు కూర్చోవడానికి ఒకటికి మించి గుంటలూ, పొగ పైకి పోవడానికి ఒక గొట్టమూ ఉంటాయి. తరవాత 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగుపరచిన పొయ్యిల పథకం పెట్టి, 2002 దాకా నడిపి, దేశం మొత్తం మీద మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. వాటిలో చాలా భాగం మూలపడ్డాయి. గొట్టంలో మసి పేరుకుంటే తీసేవారు లేరు. గొట్టం విరిగితే కొత్తది దొరికే చోటు తెలియదు. ఒడిశా పల్లెల్లో కొందరు పరిశోధకులు ఇటువంటి పొయ్యిలనే నాలుగేళ్ళ పాటు గమనించారు. 2019లో నోబెల్ బహుమతి అందుకున్న ఎస్తేర్ డుఫ్లో వారిలో ఒకరు. మొదటి ఏడాది ఆడవాళ్ళు పీల్చే పొగ తగ్గిందట. ఆ తరవాత మరమ్మతులు లేక పొయ్యిలు పాడై, ఆ మేలు కాస్తా ఎగిరిపోయిందట. పొయ్యి ఇచ్చినవారు పొయ్యిని బాగుచేసే మనిషిని ఇవ్వలేదన్నమాట!

మధ్యలో పంపు స్టవ్వు వచ్చింది. 1892లో స్వీడన్ దేశస్థుడు లిండ్‌క్విస్ట్ రూపొందించిన ప్రైమస్ స్టవ్వు దీనికి మూలం. పంపు కొడితే గాలి ఒత్తిడికి కిరసనాయిలు పైకెక్కి, బర్నరు వేడికి ఆవిరై, సన్నని బెజ్జంలోంచి బుస్సుమంటూ వచ్చి నీలంగా మండేది. బెజ్జం పూడితే పిన్ను పెట్టి పొడవాలి. పంపులో తోలు వాషరు ఎండిపోతే నూనె రాయాలి. మా చిన్నతనంలో ఈ పని చేసేవారు వీధుల వెంట కేకలు వేసుకుంటూ వచ్చేవారు.

ఆ స్టవ్వు పేరు వినగానే నాకు మరొకటి కూడా గుర్తుకొస్తుంది. స్టవ్వు పేలి కోడలు చనిపోయిందన్న వార్తలు అప్పట్లో పత్రికల్లో ఎన్ని చదివామో! కొన్ని నిజమైన ప్రమాదాలే. కొన్నింటిలో పాపం స్టవ్వుది కాదని విచారణలో తేలింది. శిక్షాస్మృతిలో 1983లో 498-ఎ, 1986లో 304-బి సెక్షన్లు చేర్చవలసి వచ్చిందంటే కారణం అటువంటి చావులే. చెడిన స్టవ్వును చెడినట్టు ఉంచడం ప్రమాదానికే కాదు, ప్రమాదమని చెప్పుకోవడానికి కూడా ఎంత వీలిస్తుందో చూడండి.

ఇప్పుడు గ్యాసు వచ్చింది. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్జ్వల, 2024లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 మొదలయ్యాయి. సంతోషమే. కాని గ్యాసు పొయ్యికీ జబ్బు చేస్తుంది.

మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధనకు వెళ్ళే చుట్టాలు శ్రావణమాసంలో మా ఇంట్లో దిగడం ఆనవాయితీ. మొన్నటి ఆరాధనకు పదిమంది వచ్చారు. రొట్టెలు కాల్చడానికి కూర్చున్న మా అత్తగారు పెనం ఎత్తి చూపించింది. అడుగంతా మసి.

“మంట పచ్చగా లేస్తాంది చూడమ్మా. రొట్టె నడిమి మాడుతాంది, అంచులు పచ్చిగానే ఉంటాండాయి” అంది.

జొన్నరొట్టె గోధుమ రొట్టె లాంటిది కాదు. పెనం అంతటా సమంగా వేడి తగలకపోతే పొంగదు, విరిగిపోతుంది. బజారులో పొయ్యిలమ్మే దుకాణంలో అడిగితే, “ఇది పాత మోడలు మేడమ్, సామాన్లు దొరకవు. అద్దం పలకది తీసుకుపోండి” అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ వీధి చివరే చెట్టు కింద పాత బర్నర్లు పరుచుకుని కూర్చున్న ఒక పెద్దాయనకు చూపించాను.

ఆయన బర్నరు తిరగేసి చూసి నవ్వాడు. “దీనికేం రోగం లేదమ్మా. గంజి తాగీ తాగీ గొంతు పూడుకుపోయింది” అన్నాడు.

అన్నం పొంగినప్పుడల్లా గంజి బర్నరు బెజ్జాల్లో పడి ఎండిపోతుంది. గ్యాసుకు తగినంత గాలి కలవదు. గాలి చాలితే మంట నీలం, చాలకపోతే పసుపు. పసుపు మంటకు మసి పడుతుంది, గ్యాసు వృథా అవుతుంది, ఒంటికి చెరుపు చేసే విషవాయువూ పుట్టవచ్చు. ఆయన బర్నర్లను వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఆరబెట్టాడు. లోపలి జెట్టును మాత్రం చాలా సన్నని తీగతో శుభ్రం చేశాడు. లావు సూది దూరిస్తే బెజ్జం పెద్దదై గ్యాసు హద్దు మీరి వస్తుందట. అందుకే జెట్టు జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదన్నాడు.

తరవాత మా రబ్బరు ట్యూబు వంచి చూపించాడు. వంపులో సన్నని బీటలు. అడగకుండానే కత్తితో రెండు ముక్కలు చేసి పారేశాడు. “పొయ్యి ఇంకా పదేండ్లు బతుకుతుంది తల్లీ. ట్యూబును మాత్రం బతికించే పని పెట్టుకోవద్దు” అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. దేన్ని బాగుచేయాలో, దేన్ని మార్చాలో తెలిసినవాడే పనివాడు. బర్నరు, నాబు బాగుచేయదగినవి. ట్యూబు ఐదేళ్ళకొకసారి, బీటలు కనిపిస్తే ఇంకా ముందే, మార్చవలసినది. లీకు అనుమానముంటే సబ్బు నురగ పూసి బుడగలు వస్తాయేమో చూడాలి గాని, అగ్గిపుల్ల గీసి చూడరాదు. వంటగ్యాసు గాలికన్నా బరువు గనక నేల మీదనే పరుచుకుంటుంది. వాసన వస్తే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, లైటు స్విచ్చు ముట్టుకోకుండా బయటికి వచ్చి, 1906 నంబరుకు ఫోను చేయాలి.

వంట చేసేవారికి ఇవన్నీ సగం తెలిసినవే. నా మనవి వంట చేయని వారికి. ఈ ఆదివారం ఒకసారి వంటింట్లోకి వెళ్ళండి. మంట నీలంగా ఉందో పసుపుగా ఉందో చూడండి. గిన్నె అడుగు తడిమి చూడండి. పొయ్యి ఎలా మండుతోందని అక్కడున్న మనిషిని అడగండి. ఆమె ఎన్నాళ్ళ నుంచో చెప్పాలనుకుంటున్న సంగతి ఏదైనా బయటపడితే, అది కొత్త పొయ్యికి కాక ఒక బ్రష్షుకూ ట్యూబుకూ అయ్యే ఖర్చుతో తీరిపోయేదే కావచ్చు.