గిటారుకు గొంతు ఏది?

మన కళాశాల సంగీత సంఘంలో కొంతకాలంగా ఒక చర్చ సాగుతున్నది. సంఘానికి ఎలక్ట్రిక్ గిటారు ఉన్నది. దాని ధ్వనిని వినిపించే సాధనం లేదు. వాల్వులతో పనిచేసే అసలైన ఆంప్లిఫైయరే కొనాలని కొందరు, అటువంటి ఆంప్లిఫైయర్ల ధ్వనులను అనుకరించే మోడలింగ్ యంత్రం చాలునని కొందరు, ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ ఉండగా యంత్రంతో పనియేమని మరికొందరు వాదిస్తున్నారు. మూడు పక్షాలవారూ మా మిత్రులే. అయితే ఈ వాదంలో పెట్టెల పేర్లే వినబడుతున్నవి; ఆ పెట్టె ఎందరి చేతికి అందుతుందన్న ప్రశ్న వినబడటం లేదు. ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉన్నది. నమ్మకంతో మన చేతిలో ఉంచబడిన పరుల సొత్తు అని దాని భావం. కళాశాల నిధి అటువంటిది. కనుక ఈ విషయమై మా అభిప్రాయాన్ని కార్యవర్గం వారి ముందు, తోటి విద్యార్థుల ముందు ఉంచదలచాము.

ఎలక్ట్రిక్ గిటారుకు స్వంత గొంతు లేదు. తీగ కదలికను పికప్ ఒక బలహీనమైన విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతాన్ని పెద్దది చేయటంతో ఆంప్లిఫైయర్ ఊరుకోదు. దానికి రంగు అద్దుతుంది. వాల్వును దాని శక్తికి మించి నడిపించినప్పుడు ధ్వని చిట్లి, జీరపోతుంది. ఇంజనీరు దృష్టిలో అది దోషం. బ్లూస్, రాక్ సంగీతాలలో అదే గుణం. గిటారు కొరకు వాడే 12 అంగుళాల స్పీకరు సైతం సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనులను బాగా తగ్గించి, అందులోని కర్కశత్వాన్ని మింగివేస్తుంది. గిటారు, ఆంప్లిఫైయర్, స్పీకరు, ఈ మూడూ కలిస్తేనే అది ఒక వాద్యం.

మోడలింగ్ అంటే ఆ చివరి రెండింటిని గణితంతో పలికించటం. ఈ ప్రయత్నం నిన్న మొన్నటిది కాదు. బోస్టన్ బృందానికి చెందిన టామ్ షోల్జ్ 1982లో రాక్‌మాన్ అనే చిన్న పెట్టెను తెచ్చాడు. దానికి హెడ్‌ఫోన్ తగిలించుకుంటే పెద్ద ఆంప్లిఫైయర్ ధ్వని చెవిలో వినిపించేది. 1998లో లైన్ 6 సంస్థ వారి పాడ్ వచ్చి అనేక ఆంప్లిఫైయర్ల నమూనాలను ఒక చిన్న పెట్టెలో ఇమిడ్చింది. 2006లో ఆక్స్-ఎఫ్ఎక్స్, 2011లో కెంపర్ ప్రొఫైలర్ వచ్చాయి. ఇందులో రెండు మార్గాలున్నవి. ఆంప్లిఫైయర్‌లోని ప్రతి భాగం పనితీరును సమీకరణాలుగా వ్రాయటం ఒకటి. ఒక ఆంప్లిఫైయర్‌లోనికి పరీక్షా ధ్వనులను పంపి, అవి ఏ విధంగా మారి వచ్చినవో చూచి, ఆ స్వభావాన్ని పట్టుకొనటం రెండవది. నేడు ఈ రెండవ పనిని న్యూరల్ నెట్‌వర్కులు చేస్తున్నవి. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ ఇటువంటిదే. దానికి రుసుము లేదు. దాని మూలం సయితం అందరికీ తెరచి ఉన్నది.

“ఎంతైనా అది నకలు కదా!” అనేవారికి రెండు సంగతులు గుర్తుచేయదలచాము. జిమ్ మార్షల్ 1962లో లండనులో తయారు చేయించిన తొలి ఆంప్లిఫైయర్ అమెరికాకు చెందిన ఫెండర్ బాస్‌మాన్‌ను చూచి, ఇంగ్లండులో దొరికే భాగాలతో కట్టినదే. నేడు అసలు అని మనం నెత్తిన పెట్టుకొనే ధ్వని ఆనాటి నకలు. రెండవది మన దేశపు సంగతి. ఐరోపా నుండి వచ్చిన హార్మోనియం మన సంగీతానికి తగదని ఆలిండియా రేడియో 1940లో దానిని నిషేధించింది. ఆ కట్టడి సడలటానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఈనాడు హార్మోనియం లేని కవ్వాలీని ఊహించగలమా? నాటకరంగంపై పద్యానికి హార్మోనియం తోడు లేకపోతే తోచునా? వాద్యం అసలుతనాన్ని దాని పుట్టుక నిర్ణయించదు; దానిపై జరిగిన సాధన నిర్ణయిస్తుంది.

అయితే మోడలింగ్‌ను సమర్థించినంత మాత్రాన ఏ యంత్రం కొన్నా ఒకటేనని మా భావం కాదు. నిరుడు వార్షికోత్సవంలో జరిగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మాలో ఒకరు స్నేహితుని వద్ద ఎరువు తెచ్చిన పరికరంలో, హాస్టలు గదిలో హెడ్‌ఫోన్‌తో రాత్రులు కూర్చొని ధ్వనులను కూర్చుకున్నారు. తీరా వేదికపై దానిని నేరుగా మైకుసెట్టుకు తగిలించగా, కందిరీగల తుట్టె కదిలినట్లయింది. పరికరంలోని స్పీకరు అనుకరణ ఆపివేసి ఉన్నదని ఆలస్యంగా తెలిసింది. దానిని సరిచేసిన తరువాత మరొక చిక్కు వచ్చింది. డ్రమ్ములు మొదలు కాగానే గిటారు మాయమయింది. తక్కువ స్థాయిలో మన చెవికి మంద్ర, తార ధ్వనులు సరిగా ఆనవు. అందుచేత హెడ్‌ఫోన్‌లో వింటూ వాటిని అధికంగా పెంచుతాము. వేదికపై స్థాయి పెరిగేసరికి ఆ మంద్రం గదంతా ఆవరిస్తుంది. గిటారు నిజంగా నిలువవలసిన మధ్యస్థాయి అడుగున పడిపోతుంది. తప్పు పరికరానిది కాదు, మాదే.

ఆ అనుభవం మాకు నేర్పిన పాఠం ఒక్కటే. పెట్టెతో మొదలుపెట్టి ఎంపిక చేయరాదు; ధ్వని బయటకు వచ్చే చోటుతో మొదలుపెట్టి వెనుకకు నడవాలి.

హెడ్‌ఫోన్‌లోగాని మైకుసెట్టులోగాని వినేటట్లయితే స్పీకరు అనుకరణ తప్పక ఉండాలి. గిటారు ఆంప్లిఫైయర్ ద్వారానే వినేటట్లయితే దానిని ఆపివేయాలి. లేనియెడల ఒక స్పీకరుపై మరొక స్పీకరు కప్పినట్లయి ధ్వని మూసుకుపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక మంచి పరికరాలను నిందించి అమ్ముకున్నవారు ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ విషయంలో గమనించవలసినది ఆలస్యం. కంప్యూటరు ధ్వనిని ముక్కలుగా తీసుకొని లెక్కకడుతుంది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున, 128 నమూనాల ముక్కకు సుమారు 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. 512 అయితే 10.7. రాకకు ఒకసారి, పోకకు ఒకసారి ఈ ఆలస్యం కలుగుతుంది. గాలిలో ధ్వని మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. కాబట్టి మొత్తం 10 మిల్లీసెకన్ల ఆలస్యమంటే ఆంప్లిఫైయర్‌కు మూడున్నర మీటర్ల దూరాన నిలిచి వాయించినట్లు, అది సహించదగినదే. ఇరవై దాటితే వేలు ఒకచోట, స్వరం ఒకచోట అవుతుంది. గిటారును ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టి, సాఫ్ట్‌వేర్ బాగాలేదనటం న్యాయం కాదు. ఆ రంధ్రం గిటారు కొరకు చేసినది కాదు. పది లక్షల ఓమ్‌ల నిరోధం గల గిటారు ప్రవేశం, సరియైన డ్రైవరు కలిగిన ఆడియో ఇంటర్‌ఫేస్ ఉండాలి. ఇక్కడ ఆదా చేయబోయి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా వృథా.

ఇక ప్రకటనలలో కనిపించే వందలాది ధ్వనుల ఆకర్షణ. వందల ధ్వనులున్న పెట్టెను ముందుంచుకొని సాయంకాలమంతా మీటలు త్రిప్పుతూ, ఒక్క స్కేలు కూడా శుద్ధంగా వాయించకుండా లేచిపోవటం మేమెరిగినదే. శుభ్రమైన ధ్వని ఒకటి, కొద్దిగా జీరపోయినది ఒకటి, బాగా చిట్లినది ఒకటి, ఈ మూడు చాలు. ఒక సంవత్సరం సాధనకు అంతకు మించి అక్కరలేదు.

వాల్వు పక్షంవారి మాటలో సత్యం లేకపోలేదు. అరవైల దశకంనాటి ఆంప్లిఫైయర్లను నేటికీ బాగుచేసి వాడుతున్నారు. ఆపరేటింగ్ సిస్టం మారగానే కొన్న సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోవచ్చును. ఈ అభ్యంతరాన్ని మేము గౌరవిస్తాము. అయినను వాల్వు ఆంప్లిఫైయర్ లోపల వందల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. మీట ఆపిన తరువాత సైతం కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉండవచ్చును. దాని మంచి ధ్వని పెద్ద స్థాయిలోనే పలుకుతుంది. ప్రక్క గదిలో పాఠం జరుగుతున్న కళాశాలకు అది పొసగదు. పైగా ఒకసారికి ఒక్కరికే అది పనికివస్తుంది.

ఇటీవల కొందరు మిత్రులు ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ను తాళం పగులగొట్టిన రూపంలో పెన్‌డ్రైవులలో పంచుకుంటున్నారు. చదువుకొనే చోట చోరసొత్తుతో కళాసాధన ప్రారంభించటం మనకు తగదు. ఉచితంగా, ధర్మంగా లభించేది ఉండగా ఆ అవసరం కూడా లేదు.

కనుక కార్యవర్గం వారికి మా విజ్ఞప్తి ఇది. నిధిలో పెద్ద భాగాన్ని అన్ని స్థాయిల ధ్వనులను సమంగా పలికించే మంచి స్పీకర్ల జతకు వెచ్చించండి. అవి గిటారుకే పరిమితం కావు. ముషాయిరాలో కవి గొంతు, నాటకంలో సంభాషణ, వక్తృత్వ పోటీలో కొత్తగా లేచి నిలుచున్న విద్యార్థిని మాట, అన్నీ వాటి ద్వారానే చివరి వరుసకు చేరుతాయి. మిగిలిన సొమ్ముతో ఒక ఇంటర్‌ఫేస్, రెండు హెడ్‌ఫోన్లు తీసుకొని, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సాధన మొదలుపెడదాము. ఒక సంవత్సరం గడచి, సంఘం వేదికపై నిలకడగా వాయించగలిగిన తరువాత, అప్పటి అవసరాన్నిబట్టి నేలపై ఉంచి కాలితో నడిపే మోడలింగ్ యంత్రాన్ని కొనవచ్చును. కొనేముందు దానిని మన స్పీకర్లపై, మన సభామందిరంలో, వేదికకు తగిన స్థాయిలో వినితీరాలి.

స్వంత పరికరం కొనగలవారు కొనుక్కుంటారు. వారిని మేము తప్పుపట్టము. తండ్రి మెకానిక్ షెడ్డులో పనిచేస్తుండగా, తల్లి కుట్టుమిషనుపై కష్టపడుతుండగా చదువుకొంటున్న విద్యార్థి కూడా వారానికి రెండు గంటలు గిటారు పట్టుకోగలగాలి. కళాశాల కొనే సాధనం అతని కొరకు. ఒక్కరి చేతిలో మెరిసే పెట్టెకంటె పదిమంది వ్రేళ్ళను కాయలు కాయించే పరికరమే మనకు శోభ. పెద్దలు మా మనవిని ఆలకించి, వచ్చే విద్యాసంవత్సరం ఆరంభానికే తగిన నిర్ణయం గైకొందురని ఆశిస్తున్నాము.