అందరికీ తెరుచుకునే జాబితా కావాలి



పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని తమ్ముళ్ళ పరీక్ష ఫీజులు కడుతున్న సంగతి మీకు తెలిసిందే. అందుకోసం కంప్యూటర్లో ఒక జాబితా నడుపుతున్నాం. పేరు, ఊరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అందులో ఉంటాయి. మార్కాపురంలో ఒక నెట్ సెంటర్లో పాత విండోస్ కంప్యూటరు మీద మొదలైన ఆ ఫైలు బెంగళూరులో లినక్స్ వాడే మిత్రుడి దగ్గరికి, అక్కడి నుంచి హైదరాబాదులో మ్యాక్ వాడే అన్న దగ్గరికి వెళ్ళి తిరిగి వచ్చింది. దారిలో ఒకరు ఎక్స్‌ఎల్‌ఎస్‌గా, ఒకరు సీఎస్‌విగా సేవ్ చేశారు. తిరిగొచ్చేసరికి తెలుగు పేర్లు పిచ్చి గుర్తులయ్యాయి. కొన్ని నంబర్లకు ముందున్న సున్నా ఎగిరిపోయింది. ఒక 16 అంకెల ఖాతా నంబరులో చివరి అంకె సున్నాగా మారింది. ఆ ఖాతా గిద్దలూరు వైపు తమ్ముడిది. పంపిన ఫీజు వెనక్కి వచ్చేసింది. గడువు రేపనగా మాలో ఒకరు బస్సెక్కి వెళ్ళి డబ్బు చేతికిచ్చి వచ్చారు. తప్పు ఏ ఒక్కరిదీ కాదు. ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉండాలో మేమెవరమూ ముందు అనుకోలేదు.

పెద్దన్నలకు మీటర్‌గేజ్ రోజులు గుర్తుండే ఉంటాయి. గుంటూరు నుంచి మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు మీదుగా పోయే మన లైను 1990లలో బ్రాడ్‌గేజ్ అయింది. అంతకుముందు బ్రాడ్‌గేజ్ ఉన్న ఊరికి పోవాలంటే సామాను దించుకుని వేరే బండి ఎక్కాల్సిందే. ఫైలు ఫార్మాట్ కూడా అలాంటిదే. దించి ఎక్కించిన ప్రతిసారీ ఏదో ఒక మూట పోయే ప్రమాదం ఉంది.

సీఎస్‌వి ఉత్త అక్షరాల ఫైలు. ఏది లెక్క, ఏది ఖాతా నంబరు అని అందులో రాసి ఉండదు. తెరిచిన ప్రోగ్రామే ఊహించుకుంటుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే సరిగ్గా ఉంచుతుంది. మా తమ్ముడి నంబరు చెడింది అందుకే. ఇక పాత ఎక్స్‌ఎల్‌ఎస్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. 2020లో ఇంగ్లండులో కోవిడ్ పరీక్షల ఫలితాలను ఆ పాత ఫార్మాట్‌లోకి ఎక్కించబోయి 15,841 కేసులను సమయానికి లెక్కలోకి తీసుకోలేకపోయారు.

అందుకే మా అభిప్రాయం ఇది: జాబితా అసలు ప్రతిని ఓడీఎస్ ఫార్మాట్‌లో ఉంచుకుందాం. ఇది 2006లో ఐఎస్‌ఓ ఆమోదం పొందిన బహిరంగ ప్రమాణం. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ దీన్ని తెరుస్తుంది. ఇప్పటి ఎక్సెల్, గూగుల్ షీట్స్ కూడా తెరుస్తాయి. ఈ-గవర్నెన్స్‌లో బహిరంగ ప్రమాణాలు వాడాలని భారత ప్రభుత్వం 2010లోనే ఒక విధానం ప్రకటించింది.

"అందరూ వాడేది ఎక్సెలే కదా, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ చాలదా?" అని కొందరు అన్నలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2008లో అదీ ఐఎస్‌ఓ ప్రమాణమైంది, లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటుంది కూడా. ఏ కార్యాలయమైనా అడిగితే ఆ ఫార్మాట్‌లో ఒక నకలు ఇద్దాం. కానీ మన జాబితా సరిదిద్దడానికి ఏ తమ్ముడూ సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పని, దొంగ కాపీ వెతుక్కోవాల్సిన పని ఉండకూడదు.

ఫార్మాట్ ఒక్కటే కాపాడదు. నంబర్ల కాలమ్‌ను టైపు చేయకముందే టెక్స్ట్‌గా మార్చండి. తెలుగు పేర్లు యూనికోడ్‌లోనే కొట్టండి. పాత డీటీపీ ఫాంట్లతో కొడితే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో చదవలేం. చూసుకోవడానికే అయితే పీడీఎఫ్ పంపండి. ఖాతా నంబర్లున్న ఫైలును మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఒకే పళ్ళెం పట్టుకుని ఒకే వరుసలో నిలబడి తిన్నవాళ్ళం. ఒకే ఫార్మాట్ మీద నిలబడడం మనకు కష్టం కాదు. వచ్చే ఏడాది ఒక్క తమ్ముడి ఫీజు కూడా వెనక్కి రాకూడదు. అన్నలూ తమ్ముళ్ళూ దీని మీద ఆలోచించి, మీ మాట మాకు తెలియజేయవలసిందిగా మనవి.