బొమ్మ నడుమ రాజుగారు

ఆలోచనలను కాగితం మీద పెట్టడానికి మైండ్ మ్యాప్ మేలా, ఔట్‌లైన్ మేలా అని అడిగితే "ఎవరి అభిరుచి వారిది" అని తప్పుకోవడం పెద్దమనిషి తరహాగా చెలామణి అవుతోంది. నాకా తరహా రుచించదు. రాసుకుంటున్నది చరిత్ర అయినప్పుడు మైండ్ మ్యాప్ అపకారమే చేస్తుందని నా వాదం. గూడెం కొత్తవీధి ప్రాంతపు ఫితూరీలనే ఉదాహరణగా తీసుకుందాం.

1974లో టోనీ బుజాన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: కాగితం నడుమ ఒక మాట, దాని చుట్టూ కొమ్మలు. గూడెం తిరుగుబాటు అనగానే మనవాళ్లు నడుమ రాసే పేరేదో వేరే చెప్పాలా? 2022లో జిల్లాకు పెట్టుకున్న పేరూ అదే. ఇక అల్లూరి సీతారామరాజు చుట్టూ చింతపల్లి ఠాణా ఒక కొమ్మ, దామనపల్లి ఒక కొమ్మ, గాం గంటందొర ఒక కొమ్మ, పోడు ఒక కొమ్మ, ముఠాదారులు ఒక కొమ్మ. రంగు పెన్సిళ్లు కూడా ఉంటే చూడముచ్చటే. అయితే ఆ బొమ్మలో పోడు సమస్య రాజుగారి నుంచి మొలిచినట్టుంటుంది!

అదే సరంజామాను ఔట్‌లైన్‌గా దించండి. కల్లు పన్ను, మునసబుదారు దోపిడి, వాటిపై 1879 రంప ఫితూరీ. తరువాత పోడుకు సంకెళ్లు వేసిన 1882 మద్రాసు అటవీ చట్టం. 1886లో గూడెం ఫితూరీ. 1915-16లో లాగరాయి. ఆపైన గిరిజనులచేత ఘాట్ రోడ్డు పని చేయించి కూలి ఎగవేసిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. ఇన్ని వరుసలు దాటాక గానీ 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద దాడి రాదు. రాజుగారి కీర్తికి ఇందులో లోటేమీ లేదు. ఆయన వచ్చేనాటికి ఆ కొండలు ఎంత మండి ఉన్నాయో మాత్రం తెలుస్తుంది. డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ఈ ఫితూరీల మీద రాసిన వ్యాసం 1839లో మొదలుపెట్టి 1924 దాకా నడిచింది. ఆయన మైండ్ మ్యాప్ గీసుకుని ఉంటే ఎక్కడ మొదలుపెట్టేవారో!

"మెదడు వరుసగా ఆలోచించదు కదా" అంటారు. ఆలోచించదు, నిజమే. అందుకనే కాగితం వరుసను అడగాలి. 'రోడ్డు', 'బాస్టియన్', 'వెట్టి' అని మూడు బుడగలు గీసి గీతలు కలిపితే ఎవరు ఎవరినేం చేశారో ఆ గీత చెప్పదు. క్రియాపదం లేని వాక్యమది. పైగా ఫ్రీమైండ్ ఫైలును విప్పి చూడండి: లోపల ఉన్నది ఒకదాని కింద ఒకటిగా పేర్చిన ఔట్‌లైనే! తెర మీద గుండ్రంగా పరిచేసరికి ముందువెనుకలు చెదిరిపోయాయి, అంతే.

ఔట్‌లైన్‌కూ ఒక ఇబ్బంది ఉంది. ముఠాదారులు 1879 కిందికీ వస్తారు, 1886 కిందికీ వస్తారు, 1922 కిందికీ వస్తారు. వారిని ఏ శీర్షిక కింద కట్టిపడేస్తాం? నా మటుకు నేను మూడు చోట్లా రాసి, పక్కన 'పైన చూడు' అని గుర్తు పెట్టుకుంటాను.