చైనా పోవడం సరే, ఎవరి ఖర్చుతో? ఏం చూసి రావడానికి?

మిర్చి రైతుల తరపున ఒక బృందాన్ని చైనా పంపాలన్న ప్రతిపాదన మన సంఘం జిల్లా కమిటీలో చర్చకు వచ్చింది. అక్కడి కొనుగోలుదారులతో మాట్లాడటం, వీలైతే నాలుగు చోట్లు చూసి రావడం దాని ఉద్దేశం. ఈ మాట బయటికి పొక్కగానే ఊళ్లలో రెండు రకాల వ్యాఖ్యలు వినిపిస్తున్నాయి. "ధర లేక రైతు ఏడుస్తుంటే వీళ్లకు విహారయాత్రలా?" అని కొందరు అడుగుతున్నారు. "అంత దూరం పోయి చైనా గోడ చూడకుండా వస్తారా?" అని మరికొందరు నవ్వుతున్నారు. రెండింటికీ సంఘం జవాబు చెప్పాలి. నా మటుకు నేను పోవాలనే అంటాను. చూడాల్సినవి చూసి రావాలనీ అంటాను. కాకపోతే కొన్ని షరతులున్నాయి.

ముందు ఎందుకు పోవాలో చూద్దాం. గుంటూరు యార్డులోనైనా ఖమ్మం మార్కెట్లోనైనా తేజ రకం ధర చైనా ఆర్డర్ల మీద ఆధారపడి ఉందని మనందరికీ తెలుసు. మన ఎండుమిర్చికి చైనా అతి పెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. "చైనా ఆర్డర్లు లేవు" అన్న ఒక్క మాటతో పొద్దున ఉన్న ధర మధ్యాహ్నానికి ఉండదు. ఆ మాట నిజమో అబద్ధమో తేల్చుకునే దారి రైతుకు లేదు. ఇరవై వేలు చూసిన రైతు, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించే స్థితికి వచ్చాడు. మన సరుకు సముద్రం దాటి వెళ్తోంది. దాన్ని కొనేవాడి ముఖం మాత్రం మనం ఇప్పటిదాకా చూడలేదు.

అక్కడ అడగాల్సినవి చాలా ఉన్నాయి. చైనాలోనూ మిర్చి విపరీతంగా పండుతుంది. షిన్‌జియాంగ్ లాంటి ప్రాంతాల్లో పంట సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోతకు వస్తుంది. ఆ పంట ఎంత వచ్చింది, శీతల గిడ్డంగుల్లో ఎంత నిల్వ ఉంది, మన సరుకు ఏ నెలలో కొంటారు, ఘాటుకు ఎంత విలువ కడతారు, రంగుకు ఎంత, తేమ ఎంత దాటితే తిప్పి పంపుతారు, ఏ పురుగుమందు అవశేషం ఉంటే ముట్టుకోరు? ఈ జవాబులు మన రైతుకు నారు పోసే ముందు తెలియాలి. కోసిన తర్వాత తెలిస్తే ఏం లాభం?

ఇక చూడటం సంగతి. చైనాలో వ్యాపారం ఆఫీసు బల్ల దగ్గరే ముగియదు. అతిథికి భోజనం పెట్టడం, ఊరు చూపించడం అక్కడి మర్యాద. పరిచయం కుదిరాకే అసలు మాట బయటికి వస్తుంది. ఆ పిలుపును కాదనుకుని గదిలో కూర్చుంటే పని చెడుతుంది. కాబట్టి చూడటం తప్పు కాదు. ఏం చూస్తామన్నది మాత్రం మనమే ఎంచుకోవాలి. బీజింగ్ దగ్గరి గోడకూ, మిర్చి లేనిదే ముద్ద దిగని సిచువాన్ రాష్ట్రపు చెంగ్డు నగరానికీ మధ్య పదిహేను వందల కిలోమీటర్లకు పైమాటే. ఫొటో కోసం అంత దూరం తిరిగితే రెండు రోజుల పని దినాలు పోతాయి.

అదే చెంగ్డు నుంచి గంటన్నర లోపు ప్రయాణంలో దుజియాంగ్యాన్ ఉంది. క్రీస్తుపూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నది మీద కట్టించిన నీటి పథకం అది. అడ్డంగా ఆనకట్ట లేదు. నదిని రెండు పాయలుగా చీల్చి, ఒక పాయను పొలాలకు మళ్లించారు. ఇవాళ్టికీ పదిహేను లక్షల ఎకరాలకు పైగా పారుతోంది. ఎంత లోతు దాకా పూడిక తీయాలో తెలియడానికి నది అడుగున ఇనుప దిమ్మెలు పాతిపెట్టారు. దిమ్మె కనపడేదాకా తవ్వాల్సిందే, కాంట్రాక్టరు కొలతలతో పని లేదు. సాగర్ కాల్వల చివరి భూములవాళ్లం, ఏటా పూడిక బిల్లులు చూస్తాం గానీ నీళ్లు చూడం. మనకు అంతకంటే చూడదగ్గ క్షేత్రం ఏముంటుంది?

చర్చలు షాన్‌డాంగ్ రాష్ట్రంలో పెట్టుకుంటే, చింగ్‌డావ్ చుట్టుపక్కల మిర్చి శుద్ధి చేసి ఎగుమతి చేసే సంస్థలు ఉన్నాయి. అదే రాష్ట్రంలోని షౌగ్వాంగ్‌లో 1989లో వాంగ్ లెయీ అనే గ్రామ నాయకుడు బొగ్గు కాల్చకుండా, ఎండ వేడిమితోనే చలికాలంలో దోస పండించే గుడారాలు వేయించాడు. ఆ పద్ధతి ఊరూరికీ పాకింది. ఇప్పుడు అక్కడ ఏటా వసంతంలో పెద్ద కూరగాయల ప్రదర్శన జరుగుతుంది. ఏ ఊరికి పోయినా ఒక పూట మాత్రం అక్కడి కిరాణా బజారులో గడపాలి. కిలో ఎండుమిర్చి ఏ ధరకు అమ్ముతున్నారో రాసుకుని, అదే వారం మన యార్డు ధర పక్కన పెట్టి చూడాలి.

ఖర్చు ఎవరిదన్నది అన్నిటికంటే ముఖ్యం. అమ్మకాల టార్గెట్ దాటిన డీలర్లను పురుగుమందుల కంపెనీలు విదేశాలకు తిప్పుతాయని మనకు తెలియనిది కాదు. ఆ టూరు ఖర్చు చివరికి మందు డబ్బా ధరలో కలిసి మన నెత్తినే పడుతుంది. అలాగే వ్యాపారి డబ్బుతో పోతే వ్యాపారి చూపించిందే చూస్తాం, అతను చెప్పిందే వింటాం. సంఘం నిధి, వెళ్లేవారి సొంత వాటా, రైతు ఉత్పత్తిదారుల సంఘాల వాటా కలిపి ఖర్చు భరించాలి. విహారానికి అదనంగా ఉండే రోజుల ఖర్చు ఎవరిది వారే పెట్టుకోవాలి.

నేను కోరే మిగతా షరతులు ఇవి. ఐదుగురిని మించి పోవద్దు. అందులో ఒక కౌలు రైతు, ఒక మహిళా రైతు ఉండాలి. మిర్చి ఏరే చేతులు ఆడవాళ్లవైనప్పుడు నాణ్యత గురించి మాట్లాడే నోరు కూడా వాళ్లకుండాలి. వ్యాపార వీసా మీదే వెళ్లాలి. దానికి అక్కడి సంస్థ ఆహ్వానం కావాలి కాబట్టి, ఒక్కరి ఆహ్వానం పట్టుకుని వారి చేతిలో పడకుండా ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులతో ముందే మాట్లాడుకోవాలి. దుబాసీని మనమే పెట్టుకోవాలి. ఎదుటివారి దుబాసీని నమ్ముకుంటే మన బేరం వాళ్ల నోటితో ఆడినట్టే. అక్టోబరు మొదటి వారం, వాళ్ల కొత్త సంవత్సరం రోజులు సెలవులు. అప్పుడు పోతే ఆఫీసులకు తాళాలు, చూసే చోట్ల ఇసుక వేస్తే రాలనంత జనం. మే నెలలో, మన కోతలు అయిపోయి నారుమళ్లు మొదలు కాకముందు పోవడం మంచిది. విందు బల్ల దగ్గర ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు.

ఈ ఒక్క ప్రయాణంతో రైతులు ఎగుమతిదారులైపోతారని ఎవరూ ఆశ పెట్టొద్దు. చైనాకు ఆహార పదార్థాలు పంపే విదేశీ సంస్థలు అక్కడి కస్టమ్స్ శాఖ దగ్గర నమోదు కావాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పరీక్షలు, కాగితాలు, పెట్టుబడి అన్నీ కావాలి. మొదటిసారి తేవాల్సింది సమాచారం. అదే మనకు లేని ఆయుధం.

2020లో ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకు మళ్లీ మొదలయ్యాయి. దారి తెరుచుకుంది. ఇక నిర్ణయం మనదే. వెళ్లొచ్చినవారు పదిహేను రోజుల్లో ఖర్చుల లెక్క, అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు ఈ పత్రికలోనే అచ్చు వేయాలి. ఆ తర్వాత ప్రతి మండల సమావేశంలో నిలబడి రైతుల ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. దీనికి ఒప్పుకునేవారి పేర్లే జాబితాలో ఉండాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం పెట్టబోతున్నాను. మీ మండలాల్లో చర్చించి రండి.