యాత్రికుడూ వినియోగదారుడే

పత్తి తీతలు ముగిసి, మిరప కోతలు ఊపందుకునే వేళకు మహాశివరాత్రి వస్తుంది. ప్రత్తిపాడు పరిసర గ్రామాల జనం పిల్లాపాపలతో కోటప్పకొండ తిరునాళ్ళకు బయలుదేరుతారు. కార్తీక మాసంలో అమరావతి అమరేశ్వరుని దర్శనం, పౌర్ణమినాడు సూర్యలంకలో సముద్ర స్నానం కూడా ఈ ప్రాంతం వారికి ఆనవాయితీ. ఏడాది పొడుగునా చెమటోడ్చి దాచుకున్న నాలుగు రూపాయలు ఈ ప్రయాణాలలోనే ఖర్చవుతాయి. ఆ సొమ్ముకు రక్షణ ఎవరు అన్నదే ప్రశ్న.

చూడదగిన స్థలాలకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. అమరావతి పంచారామాలలో ఒకటి. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1797లో మెకంజీ దొర చూసిన తరువాత దాని ఖ్యాతి ఖండాంతరాలకు పాకింది. ఆ శిల్పాలు నేడు చెన్నై మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. 2006 జనవరిలో దలైలామా నిర్వహించిన కాలచక్ర ఉత్సవాలకు అనేక దేశాల వారు అమరావతికి వచ్చారు. ఉండవల్లి గుహలు, రెడ్డిరాజుల కొండవీడు కోట, ఉప్పలపాడు చెరువులోని పక్షుల విడిది ఉండనే ఉన్నాయి. 2022లో జిల్లాల విభజనతో ఇవి వేర్వేరు జిల్లాల కిందకు వెళ్ళినా, చూడవచ్చే వానికి ఆ హద్దులతో పని లేదు.

పర్యాటకాభివృద్ధి అనగానే రోడ్లు, అతిథి గృహాలు, విద్యుద్దీపాల గురించి మాట్లాడటం పరిపాటి. అవి అవసరమే. కాని ఒకసారి మోసపోయిన వాడు రెండోసారి రాడు. ఊరికి వెళ్ళి పదిమందికి చెబుతాడు. నమ్మకం లేనిచోట ఎన్ని దీపాలు వెలిగించినా ప్రయోజనం శూన్యం.

చట్టం ఏమి చెబుతోంది?

డబ్బు చెల్లించి వస్తువు కొన్నవాడే కాదు, సేవ పొందినవాడు కూడా వినియోగదారుడే. బస్సు టిక్కెట్టు, లాడ్జి గది, భోజనం, పడవ షికారు, వాహనాల పార్కింగు అన్నీ ఇందులోకి వస్తాయి. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. పూర్వం అమ్మినవాడు ఉన్నచోటనో, మోసం జరిగిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. దూరాభారానికి జడిసి చాలామంది ఊరుకునేవారు. ఇప్పుడు బాధితుడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అనగా తిరుపతిలోనో, శ్రీశైలంలోనో మోసపోయిన ప్రత్తిపాడు వాసి గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. గడువు రెండేళ్ళు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. వకీలును పెట్టుకోకుండా స్వయంగా వాదించుకోవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది.

ప్యాకెట్టు మీద, సీసా మీద ముద్రించిన ధర అన్ని పన్నులు కలిపినదే. చల్లగా ఉంచినందుకని దుకాణదారుడు పైన రెండు రూపాయలు అడగటం చెల్లదు. అయితే హోటలులో కూర్చోబెట్టి వడ్డించే మంచినీటి సీసాకు ఈ నిబంధన వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనుక హోటలులో ముందుగా ధరల పట్టిక చూసుకోవడం మేలు.

బిల్లే ఆధారం

మిర్చి యార్డులో తక్‌పట్టీ లేకుండా సరుకు వదలని రైతు, యాత్రకు వెళ్ళినపుడు బిల్లు అడగటానికి మొహమాటపడటం శోచనీయం. రశీదు లేని ఫిర్యాదు నిలవడం కష్టం.

వ్యాపారుల కష్టాన్నీ గుర్తించాలి. తిరునాళ్ళలో రెండు మూడు రోజుల బేరం కోసం చిన్న దుకాణదారుడు అప్పు తెచ్చి సరుకు దించుతాడు. పార్కింగుకు, స్థలాలకు పాట పెద్ద మొత్తానికి పోతే ఆ భారం చివరకు యాత్రికుని నెత్తినే పడుతుంది. కాబట్టి పాట పెట్టేటప్పుడే రేట్లు నిర్ణయించి, బోర్డు కట్టాలనే షరతు విధించాలి. అందువల్ల న్యాయంగా అమ్మేవానికీ మేలే జరుగుతుంది.

తిరునాళ్ళ రోజులలో తూనికలు కొలతల శాఖ సిబ్బందిని అక్కడే ఉంచడం, పోలీసు ఔట్‌పోస్టు పక్కనే ఫిర్యాదుల కేంద్రం ఏర్పాటు చేయడం, ఉచిత మంచినీటి వసతి పెంచడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. దేవాలయ, పంచాయతీ, రెవెన్యూ అధికారులు ఉత్సవాల ముందు జరిపే సమావేశాలలో బందోబస్తుతోపాటు ధరల విషయం కూడా చర్చించవలసి ఉంది. వచ్చిన యాత్రికుడు తృప్తిగా తిరిగి వెళితేనే, మరుసటి ఏడు మరో నలుగురిని వెంటబెట్టుకు వస్తాడు.